ఎముకలకూ ఒక తనిఖీ

2018 జనవరిలో ఒక రాత్రి. ఢిల్లీ చలి ఎలా ఉంటుందో ఇక్కడ పనిచేసిన మన సంస్థ ఉద్యోగులకు వేరుగా చెప్పనవసరం లేదు. మయూర్ విహార్ ఫేజ్ వన్‌లో ఒక హౌసింగ్ సొసైటీలోని మూడవ అంతస్తు ఫ్లాటులో మా నివాసం. తెల్లవారుజామున నాలుగు గంటల వేళ స్నానాలగది వైపు నుండి ఏదో చిన్న చప్పుడు వినిపించింది. చెంబు జారిపడిందేమో అనుకున్నాను. లేచి వెళ్ళి చూస్తే మా అమ్మగారు గడప పక్కన నేలపై కూర్చుని ఉన్నారు. పడిపోయినట్లు కూడా లేదు. అలసిపోయి కూర్చున్నట్లుగా ఉన్నారు.

"ఏమీ కాలేదురా, కాలు జారింది. కాస్త చెయ్యందియ్యి" అన్నారు.

చేయి అందించినా లేవలేకపోయారు. ఎడమ కాలు బయటి వైపుకు తిరిగిపోయి, కుడికాలి కన్న పొట్టిగా కనిపించింది. తుంటి వద్ద తొడ ఎముక విరిగిందని ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసిన తరువాత తెలిసింది. అప్పటికి ఆమె వయస్సు డెబ్బై అయిదు.

ఆపరేషనుకు ముందు డాక్టరుగారు నన్ను రెండు ప్రశ్నలు అడిగారు. "ఇంతకుముందు ఎప్పుడైనా ఎముక విరిగిందా?" అన్నది మొదటిది. విరిగింది, 2011లో మా ఊరిలో అరుగు మెట్టు దిగుతూ చేయి ఆనించినప్పుడు మణికట్టు విరిగింది. "ఈ మధ్య కాలంలో ఎత్తు తగ్గారా?" అన్నది రెండవది. తగ్గారు. వంటింటి అలమరలో పై అరలోని ఆవకాయ జాడీని ఒకప్పుడు తామే అందుకునేవారు. రెండు మూడేళ్ళుగా మా శ్రీమతిని పిలుస్తున్నారు. రెండింటికీ "అవును" అని చెప్పాను. "మరి అప్పుడు ఎందుకు విరిగిందో ఎవరైనా చూశారా?" అని ఆయన అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు.

నా ఉద్యోగ జీవితంలో అధిక భాగం తాప విద్యుత్ కేంద్రాలలో బాయిలరు మెయింటెనెన్సు విభాగంలో గడిచింది. ఆ పని తెలిసినవారికి నా సిగ్గు అర్థమవుతుంది. బాయిలరులో కిలోమీటర్ల పొడవున ట్యూబులు ఉంటాయి. బొగ్గు బూడిద రాపిడికి వాటి గోడలు నెమ్మదిగా పలచబడతాయి. పలచబడుతున్న ట్యూబు శబ్దం చేయదు, వేడెక్కదు, ఏ మీటరులోనూ కనిపించదు. పగిలిన రోజున మాత్రం యూనిటు మొత్తం ఆగిపోతుంది. అందుకే ప్రతి ఓవర్‌హాలింగులోనూ లోపలికి దిగి, అల్ట్రాసోనిక్ గేజితో గోడల మందం కొలిచి, పుస్తకంలో వ్రాసుకుంటాము. ఒకచోట ట్యూబు పగిలితే అతుకు వేసి వదిలిపెట్టము. ఎందుకు పగిలింది, పక్క ట్యూబుల సంగతి ఏమిటి అని చూడనిదే యూనిటును మళ్ళీ వెలిగించము. ఉక్కు గొట్టాల విషయంలో ఇంత జాగ్రత్త నేర్చిన నేను, కన్నతల్లి మణికట్టు విరిగినప్పుడు కట్టు కట్టించి, నలభై రోజుల తరువాత కట్టు విప్పించి, "అతుక్కుంది" అని సంతోషించి ఊరుకున్నాను.

ఇది నా ఒక్కడి పొరపాటు కాదని తరువాత తెలిసింది. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారు అరుదు. విరిగిన ఎముకను అతికించే విద్య మన ప్రాంతంలో తరతరాలుగా ఉన్నది. నేటి శస్త్రచికిత్స దానికంటె ఎంతో ముందుకు పోయింది. అయితే చిన్న దెబ్బకే ఎముక ఎందుకు విరిగిందని అడిగే అలవాటు మాత్రం మన ఇళ్ళలో ఇంకా రాలేదు. నిలుచున్న ఎత్తు నుండి పడినంత మాత్రాన ఎముక విరిగిందంటే, అది ఎముక బలహీనతకు గుర్తు అని వైద్యశాస్త్రం చెబుతుంది. ఆ బలహీనత పేరే ఆస్టియోపొరోసిస్. తెలుగులో బోలు ఎముకల వ్యాధి అంటున్నారు. ప్రపంచం మొత్తం మీద యాభై ఏళ్ళు దాటిన స్త్రీలలో ప్రతి ముగ్గురిలో ఒకరికి, పురుషులలో ప్రతి అయిదుగురిలో ఒకరికి దీనివల్ల జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఎముక విరుగుతుందని అంచనా. కనుక ఇది కేవలం ఆడవారి జబ్బు అనుకొని పురుషులు ఈ పేజీ తిప్పేయవద్దని మనవి.

ఎముక అంటే చచ్చిన కర్ర వంటిదని చాలాకాలం నేనూ అనుకున్నాను. నిజానికి అది నిత్యం మరమ్మత్తు జరిగే కట్టడం. ఒక రకం కణాలు పాత ఎముకను తవ్వి తీసివేస్తూ ఉంటాయి. మరొక రకం కణాలు ఆ గుంటలను కొత్త ఎముకతో పూడుస్తూ ఉంటాయి. ఈ విధంగా పెద్దవారిలో ఏడాదికి సుమారు పదోవంతు అస్థిపంజరం కొత్తదవుతుంది. దాదాపు ముప్పయ్యవ ఏటి దాకా పూడిక ఎక్కువ, తవ్వకం తక్కువ. ఆ తరువాత లెక్క మెల్లగా తారుమారవుతుంది. మన ప్రావిడెంట్ ఫండు పాస్‌బుక్కును తలచుకుంటే సులభంగా బోధపడుతుంది. జమ కట్టే వయస్సు ఒకటి, తీసుకునే వయస్సు ఒకటి. చిన్నతనంలో ఎంత జమ అయిందో, తరువాత ఎంత వేగంగా తీస్తున్నామో, ఆ రెండింటి మీదనే ముసలితనపు నిలువ ఆధారపడుతుంది. స్త్రీలలో రుతుక్రమం ఆగిపోగానే ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గి తవ్వకం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ తరువాతి అయిదారు సంవత్సరాలలో ఎముక సాంద్రతలో అయిదోవంతు వరకు పోవచ్చు. స్టెరాయిడ్ మందులు ఎక్కువ కాలం వాడినవారికి, పొగత్రాగేవారికి, అతిగా మద్యం సేవించేవారికి, థైరాయిడ్ ఎక్కువగా ఉన్నవారికి ఈ నష్టం ఇంకా త్వరగా జరుగుతుంది.

ఇంజనీర్లకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. 1866లో జ్యూరిక్ నగరంలో కార్ల్ కుల్మన్ అనే ఇంజనీరు, హెర్మన్ ఫాన్ మేయర్ అనే శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుని వద్ద నిలువుగా కోసిన తొడ ఎముకను చూశాడు. దాని పైభాగంలోని సన్నని ఎముక పలకల అమరిక, వంపు తిరిగిన క్రేనులో బరువు ప్రవహించే రేఖలను పోలి ఉండడం ఆయనను ఆశ్చర్యపరచింది. బరువు పడే చోట ఎముక దట్టమవుతుందనీ, పడని చోట తరిగిపోతుందనీ 1892లో జూలియస్ వుల్ఫ్ సిద్ధాంతీకరించాడు. అంతరిక్షంలో భారరహిత స్థితిలో ఉండే వ్యోమగాములకు తుంటి ఎముక నెలకు ఒక శాతానికి పైగా తగ్గడం ఇందుకు నిదర్శనం. లోపలి అడ్డ పలకలు తెగిపోవడం మరీ ప్రమాదకరం. నిలువు కంబానికి మధ్యలో ఉన్న అడ్డుకట్టు తీసివేస్తే దాని ఆధారం లేని పొడవు రెట్టింపు అవుతుంది. వంగి విరగకుండా మోయగలిగే బరువు నాలుగోవంతుకు పడిపోతుంది. మనం కళాశాలలో చదివిన ఆయిలర్ సూత్రమే ఇది. అందుచేత ఎముక పరిమాణం తగ్గేదానికంటె బలం ఎన్నో రెట్లు వేగంగా తగ్గుతుంది. వెన్నుపూసలు ఈ విధంగానే నొప్పి కూడా తెలియకుండా నలిగి, మనిషి కుంగిపోతాడు.

ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ఈ కుంగుబాటు సంగతి అమ్మగారికి చెప్పినప్పుడు ఆమె కొంచెం సేపు ఆలోచించి, "అదా! చీర కుచ్చెళ్ళు నేలను రాస్తుంటే, ఈ మధ్య చీరలే పొడుగు నేస్తున్నారనుకున్నాను" అన్నారు. అందరము నవ్వాము. బయటకు వచ్చి వరండాలో నిలుచున్న తరువాత నాకు నవ్వు మిగలలేదు.

మా నాన్నగారు పోయిన తరువాత, 2013లో ఆమెను కోనసీమ నుండి ఢిల్లీకి తీసుకువచ్చాము. ఒంటరిగా ఉండనివ్వకపోవడమే పెద్ద బాధ్యత నెరవేర్చినట్లు భావించాను. అక్కడ ఆమె మిట్టమధ్యాహ్నం డాబా మీద వడియాలు పెట్టేవారు, మిరపకాయలు ఆరబోసేవారు, పెరట్లో తిరిగేవారు. ఇక్కడ మా ఫ్లాటు బాల్కనీ ఉత్తరముఖం. హిందీ రాదు, కింద పార్కులో మాట్లాడే తోడు లేదు. కిటికీ అద్దం వెనుక కూర్చుంటే వెలుతురు వస్తుంది గాని, చర్మంలో డి విటమిను తయారుచేసే కిరణాలను అద్దం ఆపివేస్తుంది. డి విటమిను లేనిదే తిన్న కాల్షియం ఒంటికి సరిగా పట్టదు. రక్తంలో కాల్షియం తగ్గితే శరీరం ఊరుకోదు. గుండె, కండరాలు పనిచేయడానికి అది తప్పనిసరి కనుక ఎముకల నిలువలో నుండి తీసుకుంటుంది. శరీరంలోని కాల్షియంలో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు ఉండేది అక్కడే.

లేత ఎండ మంచిదని మనవారు ఉదయం ఆరింటికి నడకకు వెళతారు. నడక మంచిదే గాని డి విటమినుకు ఆ ఎండ చాలదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సి.వి. హరినారాయణ్, వారి సహచరులు జరిపిన పరిశోధనలలో ఉదయం పదకొండు నుండి మధ్యాహ్నం రెండు వరకు పడే ఎండ ఇందుకు అత్యంత అనుకూలమని తేలింది. ఆ బృందమే 2004లో, 2007లో ప్రచురించిన అధ్యయనాలు, ఎండకు లోటులేని మన ప్రాంతంలో కూడా ఆరోగ్యంగా కనిపించే జనంలో కాల్షియం తక్కువ, డి విటమిను తక్కువ అని వెల్లడించాయి. పొలాల్లో పనిచేసే పల్లెవాసుల స్థితి పట్టణవాసుల కంటె కొంత మేలు. అయినా అదీ చాలినంత లేదు.

నీడ మనకంటె పొట్టిగా ఉన్నప్పుడే ఎండలో ఆ బలం బాగా ఉంటుందని ఒక సులభ సూత్రం ఉన్నది. డిసెంబరు చివరి వారంలో మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో టేపు తీసుకొని సొసైటీ పార్కులో నా నీడను కొలిచాను. ఇరుగుపొరుగు వింతగా చూశారు. లెక్క కూడా వేశాను. కోనసీమలో ఏడాదిలో అతి చిన్న పగటి రోజున కూడా, అయిదడుగుల మనిషి మధ్యాహ్నపు నీడ నాలుగడుగుల రెండంగుళాలు. మయూర్ విహార్‌లో అదే రోజున ఆరడుగుల అయిదంగుళాలు. నవంబరు మొదలుకొని ఫిబ్రవరి తొలి రోజుల వరకు సుమారు మూడు నెలలు ఇక్కడ ఏ వేళనైనా నీడ మనిషిని మించే ఉంటుంది. పైగా ఆ నెలల్లోనే పొగ, మంచు. 2002లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, కాలుష్యం ఎక్కువగా ఉన్న ఢిల్లీలోని మోరీ గేట్ పసిపిల్లల రక్తంలో డి విటమిను, అప్పటి గుర్‌గాఁవ్ పిల్లలలో ఉన్నదానిలో సగం కూడా లేదు. అంతకు రెండేళ్ళ ముందే ఢిల్లీలోని ఆరోగ్యవంతులపై జరిగిన పరిశోధనలో, ఆసుపత్రి గోడల మధ్య పనిచేసే వైద్యులకు, నర్సులకు కూడా ఈ లోటు ఉన్నట్లు కనుగొన్నారు. అంటే మా అమ్మగారిని నేను నాలుగు గోడల మధ్యకు మాత్రమే గాక, పొడుగు నీడల దేశానికి కూడా తీసుకువచ్చానన్నమాట.

లోటు అప్పటికే ఉన్నదన్న మాట కూడా నిజమే. మా చిన్నతనంలో ఇంట్లో గేదె ఉండేది. పాలు పిల్లలకు, గడ్డపెరుగు నాన్నగారికి, చివర మిగిలిన పలుచని మజ్జిగ అమ్మగారికి. ఆమె భోజనానికి కూర్చునే సరికి మేము నిద్రపోయేవాళ్ళము. అదొక త్యాగమని ఆమె అనుకోలేదు. మాకు తెలియనే తెలియదు. ఈనాటికీ ఎన్నో ఇళ్ళలో పాల గ్లాసు పిల్లల బల్ల మీద ఆగిపోతుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన 2020 నాటి సిఫారసుల ప్రకారం పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. రుతుక్రమం ఆగిన స్త్రీలకు 1200. ఇందుకు ఖరీదైన డబ్బాలు కొననక్కరలేదు. రెండు గ్లాసుల పాలు లేదా అంతే పెరుగులో సుమారు 480 మిల్లీగ్రాములు, యాభై గ్రాముల రాగిపిండి జావలో సుమారు 180, వంద గ్రాముల తోటకూరలో దాదాపు 300, పొట్టు తీయని నువ్వులతో చేసిన చిన్న చిమ్మిలి ఉండలో నూటికి పైగా ఉంటుంది. తెల్ల అన్నంలో ఇది నామమాత్రం. మునగాకు కూడా మంచి ఆధారమే. పాలకూరలో కాల్షియం ఉన్నా, అందులోని ఆక్సలేటు దానిని ఒంటికి పట్టనివ్వదు. పళ్ళెం అంచుకు మనం తోసివేసే కరివేపాకును నమిలి తినడం మేలు. ఉప్పు ఎక్కువైతే కాల్షియం మూత్రంలో పోతుంది కనుక ఆవకాయ మీది మమకారాన్ని కొంచెం తగ్గించుకోవాలి. ఈ మాట వ్రాయడం నాకూ కష్టంగానే ఉన్నది.

అమ్మగారి ఆపరేషను జరిగిన నెల రోజులకు మా శ్రీమతిని ఎముక సాంద్రత పరీక్షకు రమ్మన్నాను. ఆమెకు అప్పుడు నలభై ఎనిమిదేళ్ళు. రుతుక్రమం ఆగి రెండేళ్ళయింది. "నాకు నొప్పి లేదు, నీరసం లేదు. ఏమండీ, లేని జబ్బును డబ్బిచ్చి కొనుక్కోమంటారా?" అని అడిగింది. బాయిలరు ట్యూబు కూడా ఇదే మాట అంటుందని చెప్పాను. తనను ట్యూబుతో పోల్చినందుకు ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. మూడవ రోజున అమ్మగారే, "అమ్మాయ్, నన్ను చూసి వెళ్ళు" అన్నారు. ఆ మాటకు ఆమె బయలుదేరింది.

ఈ పరీక్షను డెక్సా అంటారు. సూది లేదు, నొప్పి లేదు. పదిహేను నిమిషాలు బల్ల మీద పడుకుంటే చాలు. రేడియేషను అతి స్వల్పం. మామూలు ఎక్స్‌రేలో ఎముక మూడోవంతు వరకు తగ్గితే గాని తేడా కనిపించదు. ఇది ముందే చెబుతుంది. ఫలితాన్ని యువతుల సగటుతో పోల్చి టి-స్కోరుగా ఇస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో నిర్ణయించిన కొలమానం ప్రకారం −1 వరకు మామూలు. −1 నుండి −2.5 మధ్య ఎముక తగ్గినట్లు; −2.5 గాని అంతకు కిందగాని ఉంటే ఆస్టియోపొరోసిస్. మా శ్రీమతి వెన్నెముక స్కోరు −2.1. కాగితం చేతిలో పట్టుకొని మెట్రోలో ఇంటిదాకా ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఇరవై ఏళ్ళ తరువాతి తన రూపాన్ని ఆమె మా అమ్మగారి మంచం మీద చూస్తున్నదని నాకు తెలుసు.

డాక్టరుగారు రక్తంలో కాల్షియం, భాస్వరం, డి విటమిను పరీక్షలు చేయించారు. రక్తంలో భాస్వరాన్ని కొలిచే ప్రసిద్ధ పద్ధతిని 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కనుగొన్నది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే. డి విటమిను తక్కువగా ఉన్నందున వారానికి ఒకటి చొప్పున 60,000 యూనిట్ల మోతాదు కొన్ని వారాలు వాడమన్నారు. ఇవి ఎవరికి వారు కొనుక్కొని నెలల తరబడి వాడదగినవి కావు. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలకు హాని కలుగుతుంది. అమ్మగారికి మాత్రం ఎముక తవ్వకాన్ని అరికట్టే అలెండ్రోనేట్ మాత్ర వారానికి ఒకటి ఇచ్చారు. దానిని పరగడుపున నిండు గ్లాసు నీటితో మింగి, అరగంట పడుకోకుండా ఉండాలి. లేకపోతే అన్నవాహిక పుండు పడవచ్చు. ఎవరికి ఏ మందు అన్నది వైద్యులే నిర్ణయించవలసిన విషయం.

ఇంట్లో నేను చేయగలిగిన పని స్నానాలగదితో ప్రారంభించాను. తడి నేలపై జారని టైల్స్ వేయించాను. గోడకు పట్టుకొమ్మీలు బిగించి, నా బరువంతా వేలాడదీసి పరీక్షించాను. రాత్రంతా వెలిగే చిన్న దీపం పెట్టాను, జారే పట్టాలు తీసివేశాను, గడప ఎత్తు తగ్గించాను. మొత్తం ఖర్చు ఆసుపత్రి బిల్లులో ఇరవయ్యో వంతు కూడా కాలేదు.

అమ్మగారు ఆపరేషను తరువాత మూడవ రోజున వాకరు పట్టుకొని నాలుగడుగులు వేశారు. ఆ వేసవి నుండి మధ్యాహ్నం భోజనానికి ముందు మా శ్రీమతి ఆమెను లిఫ్టులో కిందికి తీసుకువెళ్ళి, చేతులకు, కాళ్ళకు ఎండ తగిలేటట్లు కాసేపు కూర్చోబెట్టేది. పక్క బ్లాకులోని ఒక మలయాళీ పెద్దావిడ కూడా వచ్చి కూర్చునేవారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు; అయినా కబుర్లకు లోటు ఉండేది కాదు. ఆమె చివరి నాలుగు సంవత్సరాలు మళ్ళీ ఎముక విరగకుండా గడిచాయి. 2022లో నిద్రలోనే వెళ్ళిపోయారు.

మా శ్రీమతి స్కోరు 2021లో −2.0, 2024లో −2.1. పెరగలేదు, తగ్గనూ లేదు. ఈ వయస్సులో ఆగి ఉండడమే లాభమని డాక్టరుగారు అన్నారు. రోజూ మూడు అంతస్తులు మెట్లెక్కుతుంది, కుర్చీ పట్టుకొని ఒంటికాలి మీద నిలబడడం అభ్యసిస్తుంది, సాయంత్రం మదర్ డెయిరీ బూతు నుండి తెచ్చిన పాలలో ఒక గ్లాసు ముందుగా తనకు తీసిపెట్టుకుంటుంది. ఇరవై నాలుగేళ్ళ మా అమ్మాయికి ఇంకా జమ కట్టే వయస్సే కనుక, ఆమె గ్లాసు విషయంలో తల్లి పట్టుదల మరీ ఎక్కువ.

మా ఇంటి తలుపు చట్రం మీద పిల్లల ఎత్తులు తేదీలతో గుర్తు పెట్టిన పెన్సిలు గీతలు ఉన్నాయి. ఇప్పుడు ప్రతి ఉగాదికి వాటి పక్కన మా ఇద్దరి గీతలూ పడుతున్నాయి. పెరిగేవారిని కొలవడం అందరమూ చేస్తాము. తరిగేవారిని కొలవడం మా ఇంట్లో చాలా ఆలస్యంగా మొదలైంది. యౌవనంలోని ఎత్తు కన్న నాలుగు సెంటీమీటర్లు తగ్గినా, చిన్న దెబ్బకు ఎముక విరిగినా వైద్యుని వద్దకు వెళ్ళవలసిందే. ఈ పత్రిక చదువుతున్న సోదర ఉద్యోగులు ఈ ఆదివారం ఒక పెన్సిలు, ఒక టేపు తీసుకొని తమ తల్లిదండ్రులను తలుపు వద్దకు పిలవవలసిందిగా నా ప్రార్థన.